జింకల దీవిలో ఒకరు తక్కువ

నాకు కోపం తొందరగా వస్తుంది. ఈ సంగతి మా బ్యాంకులో అందరికీ తెలుసు, ఇంట్లో ఇంకా బాగా తెలుసు. కిందటేడంతా ఆ కోపం ఒక ప్లాస్టిక్ కుర్చీ మీద ఉండేది. సూర్యాపేటలో మా ఇంటి గేటు పక్కన, రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనబడేట్టు ఆ కుర్చీ వేసుకుని సాయంత్రం ఐదింటి నుంచి నాయిన కూర్చునేవాడు. పక్కన నేల మీద నీళ్ల చెంబు. నా భార్య రోజూ తన ఆఫీసు నుంచి రాగానే నింపి పెట్టేది, ఆయన ముట్టేవాడు కాదు. నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి చెంబు నిండుగానే ఉండేది, నీళ్ల మీద రోడ్డు దుమ్ము తేలుతూ.

"నాయినా, లోపల ఫ్యాను కింద కూసోరాదు? సూసేటోళ్లు మేం లోపలికి రానిస్తలేమనుకుంటరు" అనేవాణ్ని.

"గాలికి కూసున్న బిడ్డా" అనేవాడు. నేను బండికి స్టాండు వేసి, సణుక్కుంటూ లోపలికి పోయేవాణ్ని. కొంచెం సేపటికి ఆయన కుర్చీ పట్టుకుని వెనకే వచ్చేవాడు. అన్నం తినేవాడు, పడుకునేవాడు. రోజుకు అవే పది మాటలు.

నాయిన బతుకంతా పాలకీడు దిక్కు గొర్ల వెనక గడిచింది. మోకాళ్లు అరిగిపోయాయి. మేపే చోట్లు కూడా తరిగిపోయాయి. ఒక దిక్కు చేన్లకు కంచెలు, ఇంకో దిక్కు సిమెంటు లారీలు. ఏడాది కింద మంద మొత్తం అమ్మేసి మా దగ్గరికి వచ్చాడు. గొర్లతో పాటు మాటలు కూడా ఇచ్చేసి వచ్చినట్టు ఉన్నాడు. మా పెద్దనాయిన కూడా ఇట్లాగే మంద అమ్మి, ఏ జబ్బూ లేకుండా, ఏడాది తిరిగేలోపు పోయాడు. నాయినకు కూడా అదే జరుగుతుందని నాకు భయం. కోపమని నేను చెబుతున్నది నిజానికి ఆ భయమే, అప్పుడు ఒప్పుకునేవాణ్ని కాను.

దవాఖానకు తీసుకుపోతే డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, "రోగమేం లేదు సార్, మనసు పెట్టడానికేం లేదు, అంతే. ఎటన్నా తిప్పుకుని రండి" అన్నాడు.

బ్యాంకులో మాకు ఊళ్లు తిరగడానికి సెలవు ఇస్తారు. నేను అండమాన్ అన్నాను. సముద్రం చూడని మనిషికి చుట్టూ సముద్రమే ఉన్న చోటు చూపిస్తే మనసు కదలకపోతుందా అనుకున్నాను. తొమ్మిది చదువుతున్న మా అమ్మాయి ఫోనులో వీడియోలన్నీ చూసి, చూడాల్సిన చోట్లు ఐదు రాసింది. జైలు, పెద్ద బీచు, సున్నపురాయి గుహలు, జింకల దీవి, రాతి వంతెన. ఒక్కోదానికి చుక్కలు కూడా వేసింది. నేను దాన్ని ఆఫీసులో ప్రింటు తీసి, పక్కన గళ్లు గీసి జేబులో పెట్టుకున్నాను. చూసిన చోటుకు టిక్కు పెట్టకపోతే నాకు చూసినట్టు ఉండదు.

నాయిన ఒక్క మాటే అడిగాడు. "అందరు వస్తున్నరా?"

"అందరం వస్తున్నం."

"అయితే వస్త."

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లం కలిసి ఇరవై ఆరుగురం. హైదరాబాదు నుంచి ఒక టూరు మేనేజరు మమ్మల్ని నడిపించాడు. పగలంతా మైకు పట్టుకునే ఉండే కుర్రవాడు, పాపం మంచివాడే.

మొదట జైలుకు పోయాం. ఆ పొడుగాటి వరండాలు, గోడలోకి ఇంత లోతుకు పెట్టిన గడియలు చూస్తూ అందరం మెల్లగా నడిచాం. గైడు చాలా చెప్పాడు. అంతా విన్నాక నాయిన అడిగాడు, "ఎందర్ని పట్కొచ్చిన్రో చెప్పినవ్. ఎందరు మల్ల ఇల్లు చేరిన్రు?" గైడు చేతిలో కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు. నాకు తల తీసేసినట్టయింది. నాయినను చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించాను. జైలుకు టిక్కు పెట్టాను.

పెద్ద బీచు నిజంగా అందమైన చోటు. పాలపొడి పోసినట్టు ఇసుక, పచ్చరాయి రంగు నీళ్లు, వెనక ఎత్తైన చెట్లు. మా అమ్మాయి కేకలేస్తూ నీళ్లలోకి ఉరికింది. నాయిన పంచె ఎగ్గట్టి, రెండడుగులు వేసి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "ఉప్పు నీళ్లని తెలుసు కదా నాయినా" అన్నాను. "ఎరికే. ఎంత ఉప్పో సూసిన" అన్నాడు. "గిన్ని నీళ్లు. ఒక్క గొర్రె తాగదు" అని బయటికి వచ్చేశాడు. గుహలకు పోయే పడవలో కూడా అంతే. రెండు వైపులా నీళ్లలో వేళ్లూనిన మడ చెట్లు, ఎక్కడా చూడని పచ్చదనం. అందరూ ఫొటోలు తీస్తుంటే ఆయన ఆకు తుంచి నమిలి, మేకలు తింటాయి, గొర్లు తినవు అని తేల్చాడు.

"ఏమండీ, మామయ్య మాట్లాడుతున్నారు కదా, అది చాలదా?" అంది నా భార్య. ఆమెది కోదాడ, కోపం నిదానంగా వస్తుంది. నాకు చాలలేదు. ఇంత దూరం వచ్చి గొర్ల ముచ్చటేనా అని లోపల మండుతూనే ఉంది.

నాలుగో రోజు జింకల దీవికి పోయాం. చిన్నది, గంటన్నరలో చుట్టి రావచ్చు. ఎప్పుడో కట్టిన బంగళాలు కూలిపోయి, గోడలను మర్రి ఊడల్లాంటి వేళ్లు పట్టుకుని ఉంటాయి. వాటి మధ్య జింకలు మనుషులకు భయపడకుండా తిరుగుతుంటాయి. నాయిన వాటిని చూసి నవ్వాడు. ఏడాదిలో ఆ నవ్వు చూడలేదు నేను. ఈ ఒక్క చోటుకు రెండు టిక్కులు పెట్టాలనిపించింది.

రెండు బోట్లలో పోయినవాళ్లం రెండు బోట్లలోనే తిరిగి రావాలి. సాయంత్రం దీవి మూసేస్తారు, అవే ఆఖరి బోట్లు. మొదటి బోటు ముందు పోయింది. మేం రెండో దాంట్లో ఎక్కుతుంటే మేనేజరు అందరికీ తలా ఒక కొబ్బరి బోండాం ఇచ్చాడు. ఎండకు నోళ్లు పిడచకట్టి ఉన్నాయి, అందరం గటగటా తాగేశాం. నాయిన బోండాం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమండీ, మామయ్య తాగట్లేదు" అంది నా భార్య.

"పానం బాగలేదా నాయినా?"

"ఒకలు తక్కువున్నరు" అన్నాడు.

మేనేజరు విన్నాడు. ఒకసారి వేలు చూపిస్తూ లెక్కపెట్టి, "ఈ బోటులో పదకొండు మంది. మిగతావాళ్లు ముందు బోటులో పోయారు పెద్దాయనా" అన్నాడు.

"వచ్చేటప్పుడు ముందటి దాంట్ల పద్నాలుగు, దీంట్ల నన్ను ఇడిసిపెట్టి పదకొండు. పోయేటప్పుడు దాంట్ల పద్నాలుగే ఎక్కిన్రు, నేను సూసిన. దీంట్ల నన్ను ఇడిసిపెడితే పదే ఉన్నరు. మిర్యాలగూడ ఆమె లేదు. పసుపు చీరామె."

మిర్యాలగూడ ఆమె అంటే అరవై ఏళ్ల మనిషి. అన్న కుటుంబంతో, చెల్లెలి కుటుంబంతో కలిసి వచ్చింది. వాళ్లకు భూములు, రైసుమిల్లు ఉన్నాయి. నాలుగు రోజుల్లో ఆమె మాతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. మా బోటులో ఉన్న చెల్లెలు, "అక్క ముందు బోటుల మా అన్నోళ్లతోని పోయింది" అంది. మేనేజరు నవ్వుతూ, "పెద్దాయనా, మిమ్మల్ని మీరు లెక్కపెట్టుకోవడం మర్చిపోయి ఉంటారు" అన్నాడు. బోటంతా నవ్వింది.

"మందను లెక్కపెట్టేటోడు తనను కలుపుకోడు. గది నాకెరికే" అన్నాడు నాయిన, నవ్వకుండా.

మంద అన్న మాట వినగానే చెల్లెలి మొహం మాడిపోయింది. అది నేను చూశాను. నాకు ఒళ్లంతా సిగ్గు. అందరి ముందూ అనేశాను, "వీళ్లు మనుషులు నాయినా, గొర్లు కాదు. ఎవరి తోవ వాళ్లకెరికే. జర నోరుమూసుకుని కూసో."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. ఆ కళ్లల్లో ఏముందో ఇప్పటికీ నాకు సరిగ్గా చెప్పరాదు, గుర్తొస్తే మాత్రం అన్నం సయించదు. బల్ల పట్టుకుని లేచి, ఒక్కొక్క మోకాలే ఎత్తి పెడుతూ, బోటు దిగి జెట్టీ మీదికి పోయాడు. బోటు వాడు అరుస్తున్నాడు. నేను కూడా దిగక తప్పలేదు.

సిమెంటు తోవ మీద పోదామంటే నాయిన వినలేదు. "ఆమె ఎడమ కాలు జర ఈడుస్తది. మొదటి దినం నుంచి సూస్తున్న. కాలు బాగలేంది ఎక్కే తోవకు రాదు, దిగే తోవకు పోతది. నీడ సూసుకుంటది" అంటూ కూలిన గోడ పక్కనుంచి నడిచాడు. గోడ వెనక సముద్రం వైపు పాత మెట్లు దిగుతున్నాయి. ఆఖరి మెట్టు మీద పసుపు చీర కనబడింది. తెగిన చెప్పు చేతిలో ఉంది, కాలు ఉబ్బి ఉంది. దగ్గరలో రెండు జింకలు మేస్తున్నాయి. ఆమె ఏడుస్తోంది, చప్పుడు లేకుండా.

బోటు పోయి ఉంటే ఆమె చీకట్లో ఒక్కతే ఆ మెట్ల మీద ఉండేది.

"ఫోను కలుస్తలేదు అన్నా" అంది నాయినతో. "అరుద్దామంటే సిగ్గయింది. వీళ్లు వాళ్లతోని ఉన్నదనుకుంటరు, వాళ్లు వీళ్లతోని ఉన్నదనుకుంటరు. ఇంటికాడ గూడ గంతే."

నాయిన కష్టంగా కింద కూర్చుని, భుజం మీది తువ్వాల చించి ఆమె మడమకు కట్టాడు. గొర్రెపిల్ల కాలు బెణికితే కట్టే కట్టు అది, నేను చిన్నప్పుడు చూసిందే. కడుతూ అన్నాడు, "అరవాలె చెల్లె. అరిస్తెనే గదా మాకెరుకయ్యేది."

ఆ మాట ఆమెతోనే అన్నాడు. కానీ ఏడాదిగా అరవకుండా గేటు దగ్గర కూర్చున్న మనిషి అన్నాడు. నేను మొహం సముద్రం వైపు తిప్పుకున్నాను.

ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఆమెను బోటు దాకా నడిపించాం. ఈసారి ఎవరూ నవ్వలేదు. చెల్లెలు అక్కను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మేనేజరు నాయిన చేతులు పట్టుకుని ఏదో చెప్పబోతే, నాయిన "బోటు తియ్యమను బిడ్డా, చీకటైతది" అన్నాడు. బోటు కదిలాక వచ్చి తన చోట కూర్చుని, మనుషులందర్నీ ఒకసారి చూసి, పక్కన పెట్టిన బోండాం ఎత్తి ఆగకుండా తాగాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఐదో తరగతి నుంచీ మిర్యాలగూడ హాస్టల్లో పెరిగినవాణ్ని, సెలవుల్లో చూసింది మర్చిపోయాను. పొద్దుగూకే వేళ మంద దొడ్డిలోకి పోతుంటే నాయిన తడిక పక్కన నిలబడేవాడు. అప్పటికి బతికే ఉన్న అమ్మ నీళ్ల చెంబు పట్టుకుని ఆయన పక్కన నిలబడేది. పొద్దంతా ఎండలో తిరిగి వచ్చిన మనిషి, నాలుక ఎండిపోయిన మనిషి, ఆఖరి గొర్రె లోపలికి పోయి తడిక పడేదాకా చెంబు ముట్టేవాడు కాదు. ఒకటి తక్కువైతే ఆ నీళ్లు అట్లాగే ఉండేవి, ఆయన వెనక్కి పోయేవాడు. గొర్లు కాసే మా ఇళ్లల్లో అందరూ అంతే.

మర్నాడు నాయిన మోకాళ్లు వాచాయి. రాతి వంతెనకు మేం పోలేదు. హోటలు వరండాలో మిర్యాలగూడ ఆమె, నాయిన చెరో కుర్చీలో కాళ్లు చాపుకుని పొద్దంతా ముచ్చట్లు పెట్టుకున్నారు. ప్రింటు కాగితంలో ఆ ఒక్క గడి ఖాళీగా ఉండిపోయింది. ఉండనీ.

ఇంటికి వచ్చిన వారానికి బ్యాంకులో పని ఎక్కువై, నేను ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటింది. గేటు పక్కన కుర్చీ, కుర్చీలో నాయిన, పక్కన నిండు చెంబు. ఎప్పటిలా లోపలికి పోబోయి ఆగాను.

"ఇంత సేపు గీడ్నే కూసున్నవా నాయినా?"

"పిల్ల ఐదింటికి వచ్చింది. కోడలు ఆరింటికి వచ్చింది" అన్నాడు. "నువ్వే తక్కువున్నవ్."

చెంబు ఎత్తి, తల వెనక్కి వంచి తాగడం మొదలుపెట్టాడు. బండి పట్టుకుని, ఆయన తాగడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.