బయటినుంచి తెరుచుకున్న తలుపు

మా పెద్దమ్మ రాహేలమ్మ గారు పోయిన ఆదివారం ప్రభువునందు నిద్రించారు. వైద్యులు ముందే చెప్పి ఉంచినా, ఆమె చెయ్యి నా చేతిలోనే ఉన్నా, ఆ క్షణం నాకు అశనిపాతమే అయింది. అయినా ఈ నాలుగు మాటలు రాయబోతే దుఃఖం కన్నా ముందు ఊరట కలుగుతోంది. ఈ మాట ఎవరికైనా కటువుగా తోస్తే తోచనివ్వండి. పెద్దమ్మ ఒంటరిగా పోలేదు.

గుంటూరు ప్రాంతం నుంచి నర్సుగా ఢిల్లీ వచ్చి, ఉద్యోగ జీవితమంతా రోగుల సేవకే ధారపోసి, విరమణ తరువాత మునిర్కాలో ఒక మూడో అంతస్తు వాటాలో ఏకాకినిగా ఉండిపోయిన ధీశాలి ఆమె. పెళ్ళి చేసుకోలేదు, ఎవరి ఇంటికీ వచ్చి ఉండలేదు. ఏదో ఒకనాడు ఆ తలుపు బద్దలు కొట్టి ఆమెను చూడవలసి వస్తుందన్న భయం మా బంధువర్గమంతటికీ ఉండేది. ఆ భయాన్ని అందరికన్నా బిగ్గరగా చెప్పింది గుర్‌గావ్‌లో ఉండే నేనే.

ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన నర్సు పిల్లలకు గది దొరికితే, మంచం కన్నా ముందు తాళం కొనిపించేది పెద్దమ్మ. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. దుకాణదారు మెరిసిపోతున్న తాళం ఒకటి ముందుపెట్టి, "దేఖియే ఆంటీజీ, ఏక్‌దమ్ చమక్" అన్నాడు. "చమక్ దీవాలీకి దాచుకో భయ్యా, బరువున్నది చూపించు" అంది. బరువు నచ్చాక మరలు అడిగింది. అవి పొట్టిగా ఉన్నాయని పక్కకు నెట్టి పొడవైనవి తీయించింది. ఆపైన ఆ పిల్ల వైపు తిరిగి, "ద్వారబంధం చెక్క గట్టిదో కాదో పొడిచి చూశావా? అది పుచ్చిపోతే తాళం ఏం చేస్తదమ్మా, పాపం" అంది. తాళంలో నూనె పోయనిచ్చేది కాదు. ఢిల్లీ దుమ్ము నూనెకు పట్టి బిగుసుకుపోతుందని పెన్సిలు ములుకు అరగదీసి ఆ పొడి వేయించేది. దానివల్ల తాళంచెవి పట్టుకున్న ప్రతివాడి వేళ్ళూ నల్లబడతాయన్న నా అభ్యంతరం మాత్రం నేటికీ అలాగే ఉంది.

మా అసలు యుద్ధం లోపలి గడియ మీద. ఆమె తలుపు తాళానికి బయట తాళంచెవి, లోపల తిప్పే పిడి. గడియ ఉంటే ఊడబీకించేసింది.

"పెద్దమ్మా, ఒక గడియ పెట్టించు. పేపరు చదవట్లేదా?"

"చదువుతన్నాలేవే. గడియ వేసుకుని నేను పడిపోతే నువ్వెట్టా వస్తావు, కిటికీలోంచా?"

"నువ్వెందుకు పడతావు?"

"నువ్వు బతిమాలితే పడన్లే. మా ఆసుపత్రిలో బాత్‌రూములకి లోపల వేసుకున్నా బయటినుంచి తీసే ఏర్పాటుంటది. ఆ పాటి తెలివి ఇంటికొద్దా?"

"అది ఆసుపత్రి. ఇది మునిర్కా."

"ఊరి పేరు అడిగి పడతానా ఏంటే?"

ఆమె తరచూ అనే మాట ఒకటుంది: "తాళం కొనేటప్పుడు రాకూడనోడి గురించే ఆలోచిస్తారు. రావలసినోళ్ళ గురించి ఎవరూ ఆలోచించరు."

రెండో తాళంచెవి కింద వాటాలోని ఇంటావిడ కమలా దీదీకి ఇచ్చింది. నీళ్ళ మోటారు ఎప్పుడు వేయాలన్న విషయమై వాళ్ళిద్దరికీ ప్రతి ఉదయం కలహమే. "రోజూ పోట్లాడే మనిషికి ఇల్లు అప్పగిస్తావా?" అని నిలదీశాను.

"రోజూ పోట్లాడే మనిషికేనే, నేను రాకపోతే తెలిసేది" అంది.

తెలిసింది. ఒకరోజు ఉదయం పోట్లాటకు ఎవరూ దిగిరాలేదని కమలా దీదీ పైకి వెళ్ళింది. గుమ్మంలో పాల ప్యాకెట్టు అలాగే ఉంది. పిలిచింది, తట్టింది, తాళం తీసింది. వంటగది దగ్గర పక్షవాతంతో కూలిపోయి, ఇంకా స్పృహలోనే ఉంది పెద్దమ్మ. ఆసుపత్రికి చేర్చగలిగారు. గుంటూరు నుంచి మా అమ్మ వచ్చేదాకా ప్రాణాలతో ఉంది. ఆమె చేరదీసిన నర్సు పిల్లలు మంచం చుట్టూ నిలబడి కీర్తనలు పాడారు. ఒక పక్కకు ఒరిగిన నోటితోనే నన్ను చూసి, "గడియ సంగతి... ఏమన్నావే?" అంది. వాదంలో ఓడిపోయి ఇంత హాయిగా ఊపిరి పీల్చుకోవడం నా జీవితంలో అదే మొదలు.

భూస్థాపన అయ్యాక వాటా సర్దుతుంటే, గోడకున్న కొక్కేనికి మా గుర్‌గావ్ ఇంటి రెండో తాళంచెవి కనిపించింది. ఇన్నాళ్ళూ నా రావలసిన మనిషి ఆమే. చేతిలో పట్టుకుని ఎటూ తోచక నిలబడ్డాను. కమలా దీదీ చెయ్యి చాపింది.

"ముఝే దో. పర్ రోజ్ ఫోన్ పే లడ్‌నా పడేగా."

రోజూ ఫోనులో పోట్లాడాలన్న షరతుకు ఒప్పుకుని ఇచ్చేశాను. మర్నాడు ఉదయమే ఫోను చేసింది. మోటారు గురించే మొదలుపెట్టింది, నాకు చేతనైనంత పోట్లాడాను. మాటకు మాట అందించే ఆ గొంతు ఇక మాకు దొరకదు. ఆ పెన్సిలు పొడికి నల్లబడ్డ ఈ వేళ్ళతోనే ఆ తల్లికి నమస్కరిస్తున్నాను.