వాసన రాని మందు కోసం రఘునాథపల్లి దాకా

ఉదయం ఏడింటికి ఫోన్. "బిడ్డా, నీ మందుకు వాసనే లేదు. నీళ్లిచ్చి మందని చెప్పినవా ఏంది? పది గొట్టంగనే నా పాత మందు కొడుత." అంతే, పెట్టేసింది. ఆవిడ రాజవ్వ పెద్దమ్మ, రఘునాథపల్లిలో మిర్చి రైతు. నేను హనుమకొండలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తుంటాను. ఉంగరంలా మధ్యలో ఖాళీ ఉండే అణువులున్నాయి. ఆ ఖాళీలో పురుగుమందును కూర్చోబెట్టి, ఆకు మీద కొంచెం కొంచెంగా వదిలేలా చేయడం నా పని. అలా కూర్చున్న మందు గాలిలోకి లేవదు, అందుకే వాసన రాదు. మూడు రోజుల క్రితం ఆవిడ చేత నాలుగు సాళ్లకు అది కొట్టించాను. వాటి మీద పాత మందు పడిందా, నా ఏడాది పని గోవిందా!

అటు వెళ్లాలనుకునేవారు హనుమకొండ బస్టాండులో జనగామ బస్సు ఎక్కాలి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ఏడున్నరకు ఎక్కాను. మడికొండ దగ్గర ట్రాఫిక్‌లోనే పావుగంట పోయింది, రఘునాథపల్లిలో దిగేసరికి తొమ్మిది దాటింది. పొలానికి ఆటో ఉంది కానీ, నలుగురు నిండేదాకా కదలనన్నాడు డ్రైవరు.

"అన్నా, పదింటికల్లా పోకుంటే నా కొంప మునుగుతది."

"గట్లనా? ఫికర్ చెయ్యకక్కా, ఎక్కు" అని నూరు రూపాయలకు ఒక్కదాన్నే తీసుకెళ్లాడు. బేరమాడే తీరిక ఎక్కడిది?

రాజవ్వ అప్పటికే పంపు వీపున వేసుకుని గట్టు మీద నిలబడి ఉంది. ఉంగరాల సంగతి మళ్లీ చెప్పబోయాను. "గా ఉంగరాలు నా కండ్లకు కనవడుతయా?" అంది. న్యాయమైన ప్రశ్నే. సంచిలోంచి తెల్ల కాగితం పట్టీలు తీశాను. వాటిలోనూ అలాంటి ఉంగరాలే ఉంటాయి, లోపల రంగు దాగి ఉంటుంది. పురుగుమందు వచ్చి ఆ చోటు లాక్కుంటే రంగు బయటపడి పట్టీ గులాబీగా మారుతుంది. ఇది వినగానే ఆవిడ చేలోకి వెళ్లి నాలుగు ఆకులు తెంపుకొచ్చింది. "ఏ ఆకు మీద నీ మందున్నదో చెప్పు సూద్దాం!" నాకే పరీక్ష పెట్టింది మహాతల్లి!

ఒక్కో ఆకును, ఉంగరంలోని మందును విడిపించే నా సీసాలోని ద్రవంతో కడిగి, ఆ చుక్కను పట్టీ మీద వేశాను. మొదటిది తెలుపే. రెండోదీ అంతే. మూడోది గులాబీ! నాలుగోది మళ్లీ తెలుపు.

"మూడోదొక్కటే, పెద్దమ్మా."

ఆవిడ నన్నే చూసి పక్కున నవ్వింది. "నిజమే బిడ్డా! కడమయన్నీ మందు కొట్టని సాళ్లయి." మూడు రోజులైనా మందు ఆకును వదల్లేదన్నమాట! గట్టు మీదే గంతేశాను, సిగ్గేమీ పడలేదు.

పంపు దించి, సబ్బుతో చేతులు కడుక్కుని, పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. తింటూ అసలు సంగతి చెప్పింది. "మందు కొట్టిన్నాడు నాకు తలకాయ తిరుగుతది, ముద్ద దిగది. ఇన్నేండ్లసంది గంతే. మొన్న నీ మందు కొట్టి ఇంటికి పోయి కడుపునిండ తిన్న. గందుకే ఇది మందే కాదనుకున్న."

నా కళ్లు చెమర్చాయి. ప్రయోగశాలలో ఎన్ని పట్టీలు రంగు మారినా ఇంత గెలిచినట్టు ఎప్పుడూ అనిపించలేదు. ఆమెకు అనుమానం తెప్పించిన ఆ అన్నమే నాకు అన్నిటికన్నా పెద్ద ఫలితం. ఇలాంటి మందు మీ చేతికి వస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. వాసన లేదని విషం లేదనుకోవద్దు. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. పనయ్యాక స్నానం చేసి, అప్పుడు కడుపునిండా తినండి.