ప్రభుదాసు బొటనవేలి కిక్కు

2005 జూన్‌లో నన్ను ఏలూరులో ఫుట్‌బాల్ కోచ్‌గా డిప్యుటేషన్ మీద వేశారు. అప్పటిదాకా భీమడోలు దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుణ్ణి. డిప్యుటేషన్ అంటే జీతం, సర్వీసు రిజిస్టరు బడిలోనే ఉంటాయి, మనిషి మాత్రం గ్రౌండులో ఉంటాడు. నిజానికి నేను కబడ్డీ ఆటగాణ్ణి. ఫుట్‌బాల్ కోచింగ్ కోర్సు చేసినవారెవరూ అప్పటికి ఖాళీగా లేకపోవడంతో ఆ ఆర్డరు నాకు వచ్చింది.

ఆర్డరు అందుకున్న సాయంత్రమే గ్రంథాలయానికి వెళ్లాను. తెలియనిదేదైనా అక్కడ వెతుక్కోవడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఫుట్‌బాల్ శిక్షణ మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి బీరువా అడుగు వరసలో దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు నెలల్లో పూర్తిచేశాను. బొమ్మలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. ఆఫ్‌సైడ్ నియమాన్ని నాకంటే పెద్ద చదువులు చదివినవారికి విడమరిచి చెప్పగలిగేవాణ్ణి. ఆ గర్వం నాకుండేది.

ఆ ఏడాది నా దగ్గర చేరినవాళ్లలో ప్రభుదాసు ఒకడు. పదిహేడేళ్లవాడు, కొల్లేటి లంక ఊరి నుంచి బస్సులో వచ్చేవాడు. ఆడేది ఫార్వర్డ్, అంటే అందరికంటే ముందుండి గోల్ కొట్టడమే అతని పని. మొదటి నెల ప్రాక్టీసు మ్యాచ్‌ల్లో సగం గోల్స్ అతనివే. అయితే బంతిని తన్నేవాడు కాదు, బొటనవేలితో పొడిచేవాడు. అది తప్పని నా పుస్తకం స్పష్టంగా చెప్పింది. కాలు వెనక్కి ఎత్తి, బూటు లేసులుండే భాగంతో కొడితేనే బంతి అనుకున్న చోటికి పోతుందట.

మాన్పించడానికి పూనుకున్నాను. ప్రాక్టీసు అయ్యాక గోడ ముందు నిలబెట్టి లేసుల భాగంతో కొట్టించేవాణ్ణి. వేలితో పొడిచినప్పుడల్లా గ్రౌండు చుట్టూ ఒక రౌండు. అతను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. సంక్రాంతి సెలవులు దాటేసరికి అతని కిక్కు అచ్చం పుస్తకంలో బొమ్మలా తయారైంది. గోల్స్ ఆగిపోయాయి. అలవాటు పడితే వస్తాయిలే అనుకున్నాను.

2006 వేసవిలో కలకత్తా క్లబ్బు ఒకటి జూనియర్ జట్టు కోసం తాడేపల్లిగూడెంలో సెలక్షన్ పెట్టింది. ఎంపికైతే వసతి, భోజనం, స్టైపెండు, రెండేళ్ల ఒప్పందం. బాగా ఆడితే పెద్ద జట్టు. ఆ వేసవిలోనే కొల్లేరు బాగుచేసే పనిలో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ప్రభుదాసు తండ్రి చెరువు కాపలాదారు. ఆ పని పోయింది.

మైనర్ల ఫారం మీద తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలి. అందుకే వాళ్ల ఊరు వెళ్లాను. తల్లి సువార్తమ్మ సామాన్లు మూటలు కడుతోంది. హైదరాబాదులో బిల్డింగు పనులకు వెళ్లిపోతున్నారట.

“సెలక్షను దాకా ఆగుతామండి. అది రాపోతే ఈడూ మాతోనే వచ్చేత్తాడండి” అంటూ సంతకం పెట్టింది. తర్వాత నావైపు చూసి, “ఏవండీ మాస్టారూ, ఓ మాటంటాను, ఏమనుకోకండి. చెరువులో ఆడినన్నాళ్లూ ఈడు గోలు కొట్టని ఆదివారం లేదండి. తమరి దగ్గర నేర్చుకున్నాకే మర్చిపోయాడేంటండీ?” అంది.

చెరువులో ఆటేమిటని అడిగితే ఇంటి వెనక్కి చూపించింది. చేపలు పట్టేశాక నీళ్లు తోడి ఎండగట్టిన చెరువు అది. అడుగున కుర్రాళ్లు ఆడుతున్నారు. పైన పెచ్చుకట్టిన మట్టి, కింద ఇంకా మెత్తన. బంతి ఎగరదు, దొర్లదు. నేనూ దిగి, పుస్తకంలో చెప్పినట్టు కాలు ఎత్తి కొట్టాను. పాదం మట్టిలో దిగబడింది.

“మాస్టారు నాటు వేత్తన్నారొరేయ్!” అన్నాడొకడు. అందరూ నవ్వారు.

ప్రభుదాసు ఎందుకు పొడుస్తాడో అప్పుడు అర్థమైంది. అక్కడ కాలు ఎత్తడానికి వీల్లేదు. అయినా నేను తీసుకున్న నిర్ణయం తప్పు. ఇది చెరువులో చెల్లుతుంది, గడ్డి గ్రౌండులో చెల్లదు అనుకుని తిరిగి వచ్చేశాను.

మే నెలాఖరులో ఒక ఉదయం సెలక్షన్ మ్యాచ్ జరిగింది. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. సెలెక్టరు ఒక బెంగాలీ పెద్దమనిషి, పాత ఆటగాడు. మొదటి భాగంలో ప్రభుదాసుకు గోల్ ముందు రెండు అవకాశాలు వచ్చాయి. రెండుసార్లూ అతని కాలు వెనక్కి వెళ్లింది, అదే క్షణంలో డిఫెండరు కాలు అడ్డం వచ్చింది. కొట్టబోతున్నాడన్న సంగతి వెనక్కి లేచిన కాలే అవతలివాడికి చెబుతోంది. పొడిచేవాడికి ఆ బెడద లేదు. అంత దగ్గర నుంచి కొట్టేటప్పుడు దిక్కు తప్పే భయం కూడా తక్కువే. నేను ఇన్ని నెలలుగా మాన్పించింది దీన్నే. సెలెక్టరు అప్పటికే కాగితం మీద కొన్ని నంబర్లు కొట్టేస్తున్నారు.

విరామంలో నీళ్ల సీసాతో వెళ్లాను.

“దాసూ, చెరువులో ఆడినట్టు ఆడు.”

“వద్దులెండి. తిడతారండి.”

“ఎవరయ్యా తిట్టేది?”

“మీరేనండి.”

“తిట్టను. నేను చెప్పింది తప్పురా. వేలితోనే పొడువు.”

నమ్మలేనట్టు చూశాడు. తర్వాత నవ్వి గ్రౌండులోకి పరుగెత్తాడు.

రెండో భాగంలో కార్నర్ కిక్ నుంచి వచ్చిన బంతి గోల్ ముందు నాలుగు జతల కాళ్ల మధ్య పడింది. ప్రభుదాసు అడుగు కూడా ఆపకుండా పొడిచాడు. గోల్‌కీపరు కదిలేలోపు బంతి వలలో ఉంది. మూడో భాగంలో అలాంటిదే ఇంకొకటి.

ఆట అయ్యాక సెలెక్టరు ఆ కిక్కు ఎవరు నేర్పారని నన్ను ఇంగ్లీషులో అడిగారు. ఎవరూ నేర్పలేదని, నేనైతే మాన్పించడానికి నెలల తరబడి కష్టపడ్డానని చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, నేను నేర్పిన లేసుల కిక్కు కూడా తమకు పనికొస్తుందన్నారు. జాబితాలో ప్రభుదాసు పేరు మూడోది.

వాళ్ల ఊరి కొట్టుకు ఫోన్ చేసి సువార్తమ్మను పిలిపించాను. సంగతి విని, “అయితే హైద్రాబాదు రైల్లో మాకో సీటు మిగిలిందన్నమాటండి” అంది.

ప్రభుదాసు రెండేళ్లు జూనియర్ జట్టుకు ఆడి, పెద్ద జట్టుతో ఒప్పందం రాసుకున్నాడు. లేసుల కిక్కు దూరం నుంచి కొట్టడానికి వాడుతున్నానని, దగ్గరైతే పాతదేనని ఒకసారి ఉత్తరం రాశాడు. అక్కడి కోచ్‌లు ఉన్నదాన్ని తీసేయలేదు, దాని పక్కన నేను నేర్పినదాన్నీ ఉండనిచ్చారు.

నేను పుస్తకాలు మానలేదు. కానీ రిటైరయ్యేదాకా, కొత్త ఆటగాడు చేరితే మొదటి నెల ఏమీ సరిదిద్దలేదు. అతను ఆడి పెరిగిన చోటికి ఒకసారి వెళ్లి చూసేవాణ్ణి. తప్పుగా కనిపించిన ప్రతిదీ అక్కడ ఎందుకు పనికొచ్చిందో తెలుసుకున్నాకే, దాన్ని మాన్పించాలో వద్దో తేల్చుకునేవాణ్ణి.