ముందు పటం, తర్వాతే మాట

మా చిన్నప్పుడు... దేశ రాజధానిలో, మా మయూర్ విహార్ ఫ్లాట్‌లో, భోజనాల బల్ల పక్క గోడకి గుడ్డ అతికించిన పెద్ద ప్రపంచపటం వేలాడేది. పొద్దున్నే రేడియో వార్తల్లో ఏదైనా దేశం పేరు రాగానే, అమ్మ అద్దానికి అంటించిన పాత స్టిక్కర్ బొట్టు ఒకటి పీకి నేను ఆ దేశం మీద అంటించాలి. అప్పటిదాకా ఆ దేశం గురించి ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదు. నాన్న పెట్టిన రూలు... అమ్మక్కూడా!

ఒకరోజు స్కూలు బస్సులో విన్నది తెచ్చి ఇంట్లో వదిలాను. "నాన్నా, ఇథియోపియాలో అందరూ అడుక్కు తింటారట!"

నాన్న నా పెసరట్టు ప్లేటు పక్కకి జరిపారు. "ఎక్కడుందో చూపించమ్మా ముందు."

బొట్టు తీసుకెళ్ళి బ్రెజిల్ మీద అంటించాను...

నాన్న నవ్వలేదు. "ఎక్కడుంటారో కూడా తెలీని వాళ్ళని అంత మాట ఎలా అనేశావే?" అన్నారు. ఏడుస్తూ వెతికాను. పెసరట్టు చల్లారిపోయింది.

ఇప్పుడు అదే ఊళ్ళో, ద్వారక అనే పేటలో ఉంటున్నాం. మా సొసైటీలోనే, మొదటి అంతస్తులో ఒక ఇథియోపియా కుటుంబం ఉంది. వాళ్ళ పాప హన్నా, మా అమ్మాయి సాయంత్రమైతే ఉయ్యాల వదలరు. పోయిన వారం ఆఫ్రికాలోనే మరెక్కడో జ్వరాలని టీవీలో వచ్చిందో లేదో... సొసైటీ గ్రూపులో మెసేజ్. "ఆ పిల్లని పార్కులోకి రానివ్వొద్దు." కింద వరసగా దండాలు, బొటనవేళ్ళు!

ఒళ్ళు మండిపోయింది నాకు. నాన్న పటం చుట్టి చంకన పెట్టుకుని సొసైటీ మీటింగుకి వెళ్ళాను. ఆ మెసేజ్ పెట్టింది మన తెలుగాయనే... రిటైరైన పెద్ద ఆఫీసరు. పటం ఆయన ముందు పరిచాను.

"అంకుల్, జ్వరాలెక్కడ? వీళ్ళ దేశమెక్కడ? వేలు పెట్టి చూపించండి."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "ఠీక్ హై అమ్మా... ఎక్కడైతే ఏముంది? అంతా ఆఫ్రికానే కదా!"

గదంతా నవ్వింది. పొద్దున లేస్తే విదేశాంగ విధానం మీద ఉపన్యాసాలు దంచే గ్రూపండీ అది! చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

ఇవాళ సాయంత్రం మా అమ్మాయి ఒక్కతే ఉయ్యాల పట్టుకుని నిలబడింది. హన్నా పై కిటికీలోంచి చెయ్యి ఊపింది. "తనెప్పుడు కిందికొస్తుంది?" అని అడిగింది ఇది.

మా ఇంట్లో తప్పు దేశం చూపిస్తే పెసరట్టు చల్లారేది, అంతే... ఇప్పుడు ఎవరో చూపించలేకపోతే, ఒక పిల్ల ఆట ఆగిపోతోంది.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పటం ఉండేదా? ఏ గోడకి ఉండేదో రాయండి. "అంతా ఆఫ్రికానే కదా" అనేవాళ్ళు మాత్రం... ముందు వేలు పెట్టి చూపించి, ఆ తర్వాత కామెంటు పెట్టండి.