గుండ్రటి తాళం

ఆ రోజుల్లో మా వైపు ఇల్లంటే దర్వాజే. గోడలెలా ఉన్నాయో ఎవరికీ పట్టేది కాదు. కొత్త ఇంటి ముందు ఆగినవాళ్లు ముందు తలుపును తేరిపార చూసి, గొళ్ళెం ఒకసారి ఊపి, ఆ తర్వాతే ఇంటాయన క్షేమం అడిగేవాళ్లు. అందుకే పెబ్బేరులో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు మా నాయిన మనసంతా ముందు తలుపు మీదే ఉండేది. గద్వాలలో ఒక దుకాణంలో బంగారు రంగు గుండ్రటి తాళం చూసి ఆయన అక్కడే నిలబడిపోయాడట. కప్ప లేదు, గొళ్ళెం లేదు, తాళంచెవి కూడా లేదు. లోపలివైపు బొడిపె నొక్కి తలుపు మూస్తే చాలు, పడిపోతుంది. "ఇది లోపలి గదులకు పెట్టేదన్నా" అని దుకాణం ఆయన చెప్పాడు. "ఇంత మంచి వస్తువు లోపల పెడితె ఎవలు చూస్తరు?" అని నాయిన దాన్ని తెచ్చి ముందు తలుపుకే బిగించాడు. రంగు సంగతీ అంతే. లోపలి గోడల కోసం తెచ్చిన లేత నీలం ముచ్చటగా ఉందని ముందు తలుపుకు పూయించాడు. ఎండావానలకు ఆగే రంగు, పాత ఇంటి ఇనుప గొళ్ళెం దేవుడి గదికి పోయాయి (దేవుడికి అంత బందోబస్తు జిల్లాలో ఇంకెక్కడా ఉండి ఉండదు). వనపర్తిలో డిగ్రీ చదువుతున్న నేనైతే, లోకమంతా చూసేసినదాన్నని అనుకుంటూనే, ఆ తాళం ముందు కూర్చుని బొడిపె నొక్కుతూ, 'టక్'మన్న చప్పుడు వింటూ మురిసిపోయేదాన్ని. నిజంగా అద్భుతమనిపించేది.

గృహప్రవేశం రోజు పొద్దున సన్నటి తుంపర. ఆనవాయితీ ప్రకారం ముందు ఆవు లోపలికి వెళ్లింది. దూడ ఇంకా అరుగు మీదే ఉంది. "ముహూర్తం దాటకముందే మీరూ గడప దాటండి" అని పంతులుగారు తొందరపెడుతున్నారు. సరిగ్గా అప్పుడే మా మేనమామ తాళాన్ని చూసి "ఏంది బావా గిది?" అన్నాడు. నాయినకు ఇంకేం కావాలి! "జర ఆగుండ్రి పంతులు గారూ" అని బొడిపె నొక్కి, బయటికొచ్చి, తలుపు లాగేశాడు. టక్! "ఇగ నూకు బామ్మర్దీ, ఎట్ల తెరుస్తవో చూస్త!"

మామ భుజం పెట్టి నూకాడు. తలుపు రంగంతా ఆయన తెల్ల చొక్కాకు దిగింది గానీ తలుపు కదల్లేదు. చుట్టాలందరూ అబ్బురంగా చూశారు. నాయిన ముఖం వెలిగిపోయింది. "ఇగ తాళంచెవి తియ్యి బావా" అన్నాడు మామ. "దీనికి తాళంచెవి ఉండదు. అదే దీని గొప్పతనం" అన్నాడు నాయిన, ఆ మాట పూర్తవుతుండగానే ముఖం వాడిపోయింది. వెనక తలుపుకు లోపల గడియ, కిటికీలన్నీ బందు. బయట దూడ అరుస్తోంది, లోపల ఆవు అరుస్తోంది. కాసేపటికి ఆవు అరవడం మానేసింది. "పూజ బియ్యం తింటున్నట్టుంది" అన్నారు పంతులుగారు, గడియారం చూసుకుంటూ. ఏళ్లపాటు కలగన్న ఇంటికి ముహూర్తం తప్పిపోతోందని నాయిన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది.

అప్పుడు మా నాయనమ్మ "జరుగుండ్రి" అంటూ ముందుకొచ్చింది. గాజుకు వేలాడుతున్న పిన్నీసు తీసి, విప్పి, తాళం నడుమన పొడిచింది. టక్! తలుపు తెరుచుకుంది. నోటి నిండా బియ్యంతో ఆవు మమ్మల్ని చూసింది.

"అవ్వా, నీకెట్ల తెల్సు?" అన్నాడు నాయిన.

"నాకేం తెల్వది బిడ్డా. సందు కనవడ్డది, పొడిచిన. పా, ముహూర్తం పోతది" అని ఆవిడ కుడికాలు లోపల పెట్టింది.

అంతదాకా తాళాన్ని చూసిన కళ్లతోనే అందరం ఆవిడను చూశాం. ఇనుప గొళ్ళెం మర్నాడే ముందు తలుపుకు తిరిగొచ్చింది. ఇప్పుడు నేనుండే ఇంటి తలుపు వేలు ఆనిస్తే తెరుచుకుంటుంది. దాన్ని చూసి ఇప్పటికీ అబ్బురపడతాను, ఆ బుద్ధి మారలేదు. కానీ నాయనమ్మ పోయినప్పటి నుంచి ఆవిడ పిన్నీసు నా గాజుకే ఉంది. ఈ తాళానికి సందెక్కడుందో అని వేలితో తడుముకుని, నవ్వుకుని, లోపలికి వెళ్తాను.