పదిహేడుగురు భార్యల ఇంటాయన

మా కాలంలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే ఆడది లేదు. పిలవడం మాట అటుంచండి, ఎవరైనా అడిగినా చెప్పేవాళ్లం కాదు. ఆ సిగ్గు వల్ల సర్కారు కంప్యూటరు తలకిందులైందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. కానీ దాన్ని సరిచేసిన చెయ్యి ఇదే.

అప్పుడు నేను ఎల్లారెడ్డిలో ఒక సర్కారు ఆఫీసు ఊడ్చి, కుండలో నీళ్లు నింపే పని చేసేదాన్ని. పాతికేళ్లు కూడా లేవు. చదువంటే మా రేషన్ కార్డు మీది పేర్లు గుర్తుపట్టేంత. కార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలని పైనుంచి హుకుం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి రాసిన కాగితాలను మా కళ్లద్దాల సారు కామారెడ్డికి పంపితే, వారంలో కట్ట తిరిగొచ్చింది.

"ఏమైంది సారూ?"

"ఏం జెప్పాలె? మీ వాడల 'ఇంటాయన' అనేటోడు ఒకడున్నడట. వానికి పదిహేడుగురు భార్యలట!"

నాకు నవ్వాగలేదు. మగవాళ్లు పొలాలకు పోయిన వేళ రాసేవాడు వచ్చాడు. భర్త పేరేమిటంటే ప్రతి ఇల్లాలూ "మా ఇంటాయన" అంది. పరాయి ఊరివాడు కాబట్టి అదే రాసుకుపోయాడు. కొందరు "సాయిగాని నాయిన" అన్నారు. పాత కార్డు చూసి అసలు పేరు కూడా ఎక్కించిన ఇళ్లలోనైతే, ఒకే ఇల్లాలికి ఇద్దరు మొగుళ్లు తేలారు!

"నవ్వుతవేంది? శనివారం లోపట సాఫ్ చేసి ఇయ్యకుంటే గీ కార్డులన్నీ కొట్టేస్తరు. బియ్యం బంద్!"

నా నవ్వు ఆగిపోయింది. సారు కాగితం మీద గళ్లు గీసి చూపించాడు. ఇల్లు ఒక గడి, మనిషి ఒక గడి, నడుమ గీత చుట్టరికం. ఏ మనిషీ రెండుసార్లు ఉండకూడదు. (ఈ మాత్రానికి కంప్యూటరెందుకు, మా వాడలో ఏ ముసలమ్మనడిగినా చెప్పదా అనుకున్నాను.) "కాయితాలు పట్కొని నా ఎంబడి రా సారూ" అన్నాను. నా కిటుకు ఒక్కటే: ఎవరి మొగుడి పేరూ వాళ్లను అడగకూడదు, పక్కింటామెను అడగాలి.

"వదినె, అన్న పేరేందే?" అంటే మొదటి ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "థూ, నా నోటితోని ఎట్ల చెప్తనే?"

గోడ అవతలి నుంచి పక్కింటామె లేచింది. "నేను చెప్త, రాయి సారూ! పోచయ్య! మా కోడిని రాయితోని కొట్టినోడు!"

"నీ మొగుడు తక్కువనా? రాయి సారూ, ఆయన రాములు!"

ఒక్క కొట్లాటకు ఇద్దరు మొగుళ్లు సాఫ్! మూడు రోజులు అలాగే తిరిగాం. నేను చెబుతుంటే సారు రాశాడు. రెండుసార్లు ఉన్నవాళ్లను సారు వేలు పెట్టి చూపిస్తే ఎర్ర పెన్సిలుతో నేనే కొట్టేశాను, సర్కారు కాగితం మీద, నా చేత్తో.

శనివారం ఇద్దరం బస్సెక్కి కామారెడ్డి పోయాం. చెప్పులు బయట విడిచి చల్లటి గదిలో కూర్చున్నాం. కంప్యూటరు సారు టకటకా కొట్టి, "అంత మంచిగనే ఉన్నది. ఒక్క ఇంటాయన మిగిలిండు" అని, ఆ ఇల్లాలి పేరు చదివాడు. అది నా పేరు. ఊరందరి మొగుళ్లను సరిచేసి నా మొగుణ్ణి మరిచిపోయాను!

"చెప్పమ్మా, పేరేంది? చెప్పకుంటే నీ కార్డు పోతది."

మొగుడి పేరు నా నోటితో ఎలా చెప్పను? మా సారుకు తెలియదు, పక్కింటామె పక్కన లేదు. కట్ట ముందుకు లాక్కొని ఒక్కొక్క పేరు మీద వేలు జరుపుతూ పోయాను. ఒకచోట, మా కార్డు మీద చూసిన ఆ అక్షరాలే కనబడ్డాయి.

"గిదే పేరు."

"అంటే, గీయన గూడ నీ భర్తనేనా?"

"నోరు కడుక్కో సారూ! పేరు ఒక్కటే, మనిషి వేరు. ఇంటి నెంబరు చూడు!"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "కంప్యూటరు నేర్సుకునేటప్పుడు గీ ముచ్చట నాకు సమజ్ కానీకి ఆర్నెల్లు పట్టిందమ్మా" అన్నాడు.

ఆ నెల మా వాడలో ఒక్క కార్డూ పోలేదు. సంగతి విని మా ఆయన మాత్రం అలిగాడు. "ఊర్లున్న మొగుళ్లందరి పేర్లు చెప్పినవ్, నాది చెప్పనీకే నోరు రాలేదా?"

ఆయన పోయాక పింఛను కోసం ఆఫీసులో పేరడిగితే, ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను. గదిలో అందరూ తలెత్తి చూశారు. ఎదురుగా ఉన్నప్పుడు ఒక్కసారి అలా పిలిస్తే ఎంత మురిసిపోయేవాడో, ఎంత పిచ్చిదాన్ని అనుకుని, నవ్వుకుంటూ మెట్లు దిగాను.