అరంగుళం పొడుగు కాగితం

దబ్బనం బాబాయి అసలు పేరు ఆయన గుర్తింపు కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. విదేశాంగ శాఖలో ఇరవై ఆరేళ్ళుగా ఫైళ్ళు కుట్టే మనిషి. దబ్బనంతో కాగితాలకు బెజ్జం వేసి, దారం లాగి ముడి వేస్తాడు. ఎవరినీ ఓ పట్టాన నమ్మడు. టీ ఇచ్చినా గ్లాసులోకి తొంగి చూసి గానీ తాగడు. ఏడు ప్రభుత్వాలను కళ్ళారా చూసినవాడికి ఆ మాత్రం అనుమానం ఉండదా మరి!

ఎనిమిదోది వచ్చి నలభై రోజులైంది. కొత్త మంత్రి ఎన్నికలప్పుడు నది మీది వంతెన మధ్యలో నిలబడి, "ఈ దారి మూయనివ్వను" అని గొంతు చించుకున్నాడు. అవతలి ఒడ్డు పొరుగు దేశం. బాబాయి అక్క అక్కడే ఒంటరిగా ఉంటుంది. మోకాళ్ళు పట్టేసి లేవలేదు. ఆమెకు దిక్కు నెలనెలా వెళ్ళొచ్చే ఈ తమ్ముడే. ఆ మాట విని బాబాయి జన్మలో మొదటిసారి ఒక మంత్రిని నమ్మాడు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

పోయిన వారం సముద్రం అవతలి పెద్ద దేశం అధ్యక్షుడు వచ్చి మూడు రోజులున్నాడు. కౌగిలింతలు, ఫొటోలు, భుజాల మీద చేతులు. ఈ బుధవారం పొద్దున సెక్షన్ ఆఫీసరు ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నిన్న మన మంత్రివర్గం తయారుచేసిన కొత్త విధానం. గంటలో కుట్టెయ్."

బాబాయి అంచులు సరిచేసి అట్టలో పెట్టబోతే కాగితం అరంగుళం బయటికి వచ్చింది. తిప్పి పెట్టినా అంతే. అంత పొడుగు కాగితం ఈ శాఖలో ఏ అల్మారాలోనూ లేదు. పెద్ద దేశం నుంచి వచ్చే ఉత్తరాలే ఆ కొలతలో ఉంటాయి. కుట్టేవాడు చదవకూడదన్నది నియమం. అయినా చదివాడు. సోమవారం నుంచి వంతెన మూసివేత. కింద మంత్రి పేరు ముందే అచ్చయి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

"ఇది మన కాగితం కాదండీ," అన్నాడు.

"పొడుగైతే కత్తిరించు. ఎక్కడిదైతే నీకెందుకయ్యా?"

కత్తిరించాడు. కుట్టి ఇచ్చి, "రేపు ఒక్కరోజు సెలవు కావాలండీ, అక్కను తెచ్చుకోవాలి," అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఆఫీసరు లేచి తలుపు మూశాడు. "చదివావన్నమాట."

బాబాయి దబ్బనం బల్ల మీద పెట్టేశాడు. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాడు.

"మా అమ్మ కూడా అవతలే ఉంది బాబాయ్," అన్నాడు ఆఫీసరు గొంతు తగ్గించి. "ఈ ఫైలు చూసినవాళ్ళం ఊరు దాటకూడదని పేర్ల జాబితా వేశారు. కుట్టేవాడు చదవడనుకున్నారు, అందుకే నీ పేరు అందులో లేదు. మీ అక్కతోపాటు మా అమ్మనీ తీసుకురాగలవా?"

ఇది వల కావచ్చు. సరేనంటే చదివినట్టు ఒప్పుకున్నట్టే. కాదంటే ఒక ముసలమ్మ అక్కడే ఉండిపోతుంది. బాబాయి ఆఫీసరు మొహంలోకి చూశాడు. అందులో నిజం ఎంతో అబద్ధం ఎంతో తేలలేదు.

"ఆవిడ చిరునామా, తీసుకురమ్మన్న మాట రాసి కింద సంతకం పెట్టివ్వండి," అన్నాడు. "మీ చేత్తోనే. దొరికితే ఇద్దరం దొరకాలి."

ఆఫీసరు కలం తీశాడు. మొదటి అక్షరం పెట్టేలోపు రెండుసార్లు తలుపు వైపు చూశాడు. ఆ భయం చూశాకే బాబాయికి నమ్మకం కుదిరింది.